పరీక్షకు పంపిన మంచి మట్టి

సికింద్రాబాదులో ఎక్కడ తవ్వినా బండే. నేరేడ్‌మెట్‌లో గులాబీ మొక్క నాటాలన్నా గడ్డపార అరువు తెచ్చుకోవాలి. అలాంటి ఊళ్ళో నోవహు గారు ఉద్యోగ జీవితమంతా బురదను నమ్ముకుని బతికారు. కోస్తా జిల్లాల నుంచి డబ్బాల్లో వచ్చే మట్టిని పరీక్షించి, దాని మీద మేడ కట్టవచ్చో లేదో చెప్పడం ఆయన పని. చెప్పడం ఆయన వంతు, వినకపోవడం లోకం వంతు. నేను ఆయన పనిచేసే మట్టి పరీక్షల లాబులో రిపోర్టులు టైపు చేసేదాన్ని. పేరు సీతామహాలక్ష్మి. నాకు కోపం ఎక్కువన్న ఒక్క ముక్క తప్ప నా గురించి మీకు తెలియాల్సిందేమీ లేదు.

లాబు తిరుమలగిరిలో ఒక బేకరీ మీది అంతస్తులో ఉండేది. కింద రొట్టెలు కాలేవి, పైన మట్టి ఎండేది. యజమాని జోగారావు గారిది కాకినాడ. మంచి మనిషే. కడుపులో చల్ల కదలకుండా వ్యాపారం సాగిపోవాలని కోరుకునే రకం. ఆయన బల్ల మీద మోండా మార్కెట్లో చేయించిన రబ్బరు స్టాంపు ఒకటుండేది. ఇంగ్లీషులో ఉన్న ఆ ముద్రను తెలుగులో చెప్పుకుంటే ఇదీ సంగతి: ఈ నేలలో బంక ఉన్నది కనుక భూకంపం వచ్చినా నీరు కాదు. నేను టైపు చేసిన ప్రతి రిపోర్టు చివరా ఆయన ఆ ముద్ర ఠక్కున గుద్దేవారు. మట్టిని చూసి గుద్దేవారా, చూడకుండా గుద్దేవారా అని అడిగే అధికారం నాకు లేదు.

నేల నీరవడమేమిటని నేనూ మొదట్లో అడిగాను. నోవహు గారు ఓపిగ్గా చెప్పారు. నీళ్ళు నిండిన వదులు ఇసుక నేల భూకంపంలో ఊగిపోయినప్పుడు, లోపలి నీరు ఎటూ పోయే దారి లేక రేణువులనే ఎడంగా తోసేస్తుంది. కాసేపు ఆ నేల నేలగా ఉండదు, గంజిలా అయిపోతుంది. పైనున్న మేడ ఒరగవచ్చు, దిగబడవచ్చు. బంకమట్టిలో రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, అంత సులువుగా విడిపోవు. అందుకని ఇసుకైతే భయం, బంకైతే అభయం అని పాతవాళ్ళు తేల్చేశారు. చిక్కంతా ఈ రెండింటికీ మధ్యనున్న మట్టితోనే. చూడటానికి బంకమట్టిలా నున్నగా ఉంటుంది, వేళ్ళకు అంటుకుంటుంది, తీరా సమయానికి ఇసుక బుద్ధి చూపిస్తుంది. మనుషుల్లో అలాంటివాళ్ళు నాకు చాలామంది తెలుసు గనుక ఈ ముక్క తొందరగానే అర్థమైంది.

ఆ బుద్ధి కనిపెట్టడానికి నోవహు గారు మట్టిని రెండు ప్రశ్నలు అడిగేవారు. నీలో బంక ఎంత? నేల లోపల ఉన్నప్పుడు నీలో తడి ఎంత? మొదటిదానికి తడి మట్టిని గాజు పలక మీద అరచేత్తో సేమ్యాలా పామేవారు. అసలైన బంకమట్టి ఆరుతున్నా తెగకుండా సాగుతుంది, నటించే మట్టి ముందే తునకలైపోతుంది. రెండోదానికి భూమిలో ఉన్న తడిని, ఆ మట్టి జారిపోవడానికి కావలసిన తడితో పోల్చేవారు. రెండూ దగ్గర దగ్గరగా ఉన్నాయంటే ఆయన ముఖం చిన్నబోయేది. పామడం ఎంత అలవాటైపోయిందంటే పెళ్ళి విందుల్లో కూడా చపాతీ ముక్కను పళ్ళెం అంచున పాముతూ కూర్చునేవారు. ఆయన భార్య మేబెల్ గారు మిషన్ స్కూల్లో టీచరు. మా ఇంట్లో చపాతీలు చెయ్యను, చేస్తే సేమ్యా అయిపోతాయి అని ఆవిడ అందరికీ చెప్పేది.

తొంభై తొమ్మిదిలో టర్కీలో భూకంపం వచ్చింది. అక్కడ ఒక ఊళ్ళో మేడలు ఇసుక మీద కాదు, మెత్తటి సన్నమట్టి మీద ఉండి కూడా ఒరిగాయని, దిగబడ్డాయని ఆయన ఎక్కడో చదివారు. ఆ కాగితాలు జిరాక్సు తీయించుకుని వచ్చి జోగారావు గారి ముందు పెట్టి, ఇకనుంచి స్టాంపు కొట్టేముందు ఒకసారి ఆలోచించాలన్నారు. జోగారావు గారు కాగితాలు తిరగేసి, టర్కీ వాళ్ళ మట్టికీ మన మట్టికీ ఏమిటి సంబంధం, వాళ్ళు గొడ్డు మాంసం తింటారు అన్నారు. దీనికి ఏ శాస్త్రంలోనూ జవాబు లేదు. ఆ తర్వాత రెండు వేల ఒకటిలో రిపబ్లిక్ డే నాడు భుజ్‌లో భూమి కంపించింది. టీవీలో చూసి మన బండ మీదివాళ్ళంతా భయపడి భూకంప సర్టిఫికెట్ల కోసం మా మెట్లెక్కారు. కోస్తాలో బురద మీదివాళ్ళు మాత్రం నిశ్చింతగా పునాదులు పోసుకుంటూనే ఉన్నారు. జోగారావు గారి స్టాంపు ప్యాడ్‌లో ఇంకు చాలేది కాదు.

సరిగ్గా ఆ ఏడే నోవహు గారి సొంతవాళ్ళ పని వచ్చింది. బొల్లారంలో ఆయన వెళ్ళే చర్చిలో సగం కుటుంబాలు నరసాపురం అవతల ఒకే లంక ఊరి నుంచి వచ్చినవి. రైల్వేల్లో, స్కూళ్ళలో, మిలిటరీ ఆఫీసుల్లో ఉద్యోగాలు చేసుకుంటూ స్థిరపడినవాళ్ళు. సొంత ఊళ్ళో, ఏటి ఒడ్డున, తాము గుడి అని పిలుచుకునే పాత చర్చి పక్కన, ఆడపిల్లలకు హాస్టలు మేడ కట్టిద్దామని వాళ్ళు తీర్మానించారు. మేబెల్ గారు చిన్నప్పుడు అక్కడి పాక హాస్టల్లోనే ఉండి చదువుకుంది. కమిటీ చైర్మన్ జకర్యా గారు, ఆవిడకు స్వయానా అన్నగారు, రైల్వే పార్సెల్ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. తెల్ల చొక్కా, కఫ్‌లింకులు, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే తత్వం. మట్టి పరీక్ష మన నోవహు చేతనే చేయిద్దాం అని ఆయనే అన్నారు.

నోవహు గారు ఎంత సంతోషించారో నాకు తెలుసు. అన్నేళ్ళు ఎవరెవరి మేడలకో రిపోర్టులు రాశారు, ఏ మేడలో ఎవరు పడుకుంటారో ఆయనకు తెలియదు. ఇప్పుడు తెలుసు. పై అంతస్తుల్లో తమ ఊరి పిల్లలు పడుకుంటారు. నా జీవితంలో ఒక్క రిపోర్టు నిజంగా సరిగ్గా రావాలమ్మా, అది ఇదే అన్నారు నాతో.

మొదటిసారి జకర్యా గారే స్వయంగా వెళ్ళి మట్టి తెచ్చారు. శుభ్రమైన మనిషి కదా, తడి మట్టి రైల్లో కారితే పార్సెల్ వాళ్ళకు ఇబ్బందని, దాన్ని గుడి అరుగు మీద తాటాకు చాపలు పరిచి వడియాల్లా ఎండబెట్టించి, ఖాళీ పూతరేకుల డబ్బాల్లో సర్ది తీసుకొచ్చారు. నోవహు గారు మూత తీసి, ఒక పెళ్ళను వేళ్ళ మధ్య పొడిగా నలిపి చూశారు. ఎంత తడి అన్న ప్రశ్నకు జవాబు ఆ చాపల మీదే ఆవిరైపోయింది. లాబు అటెండరు పర్వతాలు మాత్రం డబ్బా వాసన చూసి, నెయ్యి వాసనొస్తున్నదని మెచ్చుకున్నాడు.

మళ్ళీ పంపమన్నారు. ఈసారి గట్టి మూతల డబ్బాలు, మైనం ఇచ్చి, బోరులోంచి తీసిన మట్టిని తీసినట్టే పెట్టి, మూత చుట్టూ మైనం పోయాలని చెప్పి పంపారు. ఆ బాధ్యత పాక హాస్టలు వార్డెను ఎలీసబెతు గారు తీసుకుంది. ఊళ్ళోని పిల్లలందరికీ పెద్దమ్మ లాంటి మనిషి. డబ్బాలు వచ్చాయి. మైనం ముచ్చటగా పోసి ఉంది. నోవహు గారు మట్టిని పలక మీద పామితే దారం పట్టుదారంలా సాగింది. తడి చూస్తే ఉండవలసినంతే ఉంది. ఆయన మళ్ళీ పామారు, మళ్ళీ సాగింది. బయటికొచ్చి అందరికీ టీ తెప్పించారు. అసలైన బంకమట్టి, భయం లేదని రిపోర్టు రాసి సంతకం పెట్టారు. స్టాంపు అక్కర్లేదు, నిజంగానే పరీక్ష చేశాను అన్నారు జోగారావు గారితో.

ఒక సంగతి మాత్రం ఆయన మరిచిపోయారు. ఆ లంక ఊరి నుంచి బొల్లారానికి వచ్చేవన్నీ ఎప్పుడూ మేలురకమే. మామిడిపళ్ళు వస్తే బుట్టలో ఒక్క మచ్చ ఉండేది కాదు. తాండ్ర వస్తే పై పొరది వచ్చేది. పట్నంలో ఉన్న మనవాళ్ళకు నాసిరకం పంపితే ఊరి పరువు పోతుందని వాళ్ళ నమ్మకం.

కృతజ్ఞతార్పణ కూటం పెట్టారు. మేబెల్ గారు పిలిస్తే నేనూ వెళ్ళాను, బిర్యానీ వాసన బయటికే వస్తోంది. ఆ కూటాల్లో దేవుడు తమకు చేసిన మేలు గురించి లేచి అందరిముందూ సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. ఊరి నుంచి వచ్చిన ఎలీసబెతు గారు లేచింది.

“దేవునికి స్తోత్రం అండి. బోరోళ్ళు తీసిన మట్టి చూత్తే నాకు సిగ్గేసిందండి. బూడిద రంగు, చేతిలో నిలవదు. పట్నంలో మనోళ్ళు పరీచ్చ పెడతారంట, ఇలాటిది ఎలా పంపుతావండి? కాలవ గట్టున కుమ్మరోళ్ళు తవ్వుకునే చోట మంచి మట్టి ఏరి, పుల్లా పుడకా తీసేసి, పిల్లలందరం ప్రార్థన చేసి పంపేవండి. ప్రభువు పాసు చేసేడు.”

హాలంతా ఆమేన్ అంది. జకర్యా గారు అందరికంటే గట్టిగా అన్నారు. అనని నోరు ఒక్కటే ఉంది, అది నోవహు గారిది. మెల్లగా లేచి, తనదీ ఒక సాక్ష్యం ఉందన్నారు.

“పాసైంది కుమ్మరివాళ్ళ గొయ్యి. మన స్థలం ఇంకా పరీక్షకే కూర్చోలేదు. నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను.”

అంతే అని కూర్చున్నారు. నాకు ఆ క్షణంలో ఆయన్ని చూస్తే ఏడుపొచ్చింది. బిర్యానీ చల్లారిపోయింది. ఎలీసబెతు గారు తాను చేసిన తప్పేమిటో అర్థంకాక, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని బిక్కమొహం వేసుకుంది. జకర్యా గారు చెల్లెలి భర్త మీదికి రాలేదు, అంత శుభ్రమైన కోపం ఆయనది. స్తోత్రం చెప్పాల్సిన చోట సందేహం చెప్పావు బావా అని మాత్రం అన్నారు. నోవహు గారికి పొడి నేల మీద కూడా నీళ్ళే కనిపిస్తాయి, జలప్రళయానికి ఓడ కట్టినవాడి పేరు మరి అని వెనకబెంచీలో ఎవరో అన్నారు, నవ్వారు. పాస్టరు గారు పెద్దమనిషి తరహాలో సర్దుబాటు చేయబోయారు. ఇసుక మీద ఇల్లు కట్టుకోవద్దని బైబిల్లో మనం చిన్నప్పటినుంచీ వింటున్నాం, నిజమే, కాని బంకమట్టి గురించి హెచ్చరిక ఎక్కడా లేదు కదా అన్నారు. జోగారావు గారి స్టాంపుకు అంత పెద్ద మద్దతు దొరుకుతుందని నేను కలలో కూడా అనుకోలేదు.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మర్నాడే జకర్యా గారు మా మెట్లెక్కి నేరుగా జోగారావు గారి గదిలోకి వెళ్ళారు. ఇద్దరూ కోస్తా వాళ్ళు, ఇద్దరికీ చాదస్తమంటే గిట్టదు, మాట తొందరగానే కుదిరింది. మొదట తెచ్చిన ఎండిన మట్టికే రిపోర్టు రాసి ముద్ర వేసి ఇస్తాం, సంతకం నేనే పెడతానన్నారు జోగారావు గారు. టైపు చేయమని కాగితం నా బల్ల మీదికి వచ్చింది. రిబ్బను అయిపోయిందన్నాను. కంప్యూటరు కొని చాలా కాలమైంది, ఇంకా రిబ్బనేమిటమ్మా అన్నారు. అయితే ప్రింటరు పాడైందన్నాను. చూస్తే నిజంగానే పాడై ఉంది. ఎలా పాడైందో నన్నడగకండి. బాగుచేసేవాడు రాణిగంజ్ నుంచి రావాలి, వాడు ఇవాళ రేపు అంటూ తిప్పాడు.

ఆ వ్యవధిలో నోవహు గారు, మేబెల్ గారు నరసాపురం రైలెక్కారు. అన్నకు చెప్పకుండా మేబెల్ గారు చేసిన మొదటి ప్రయాణం అది. అక్కడ జరిగింది తర్వాత ఆవిడే నాకు చెప్పింది.

ఎలీసబెతు గారు గుమ్మంలోనే ఏడ్చిందట. ఊరి పరువు తీశానని అందరూ అంటున్నారట. నోవహు గారు ఆవిణ్ణి ఒక్క మాట అనలేదు. స్థలంలో మళ్ళీ బోరు వేయించి, పైకొచ్చిన బూడిదరంగు మట్టి ముద్దను ఆవిడ అరచేతిలోనే పెట్టారు. రెండో చేత్తో ఆ చేతిని కింద నుంచి తట్టమన్నారు. తట్టగానే మట్టిలోంచి నీరు పైకి తేలి, ముద్ద నూనె రాసినట్టు మెరిసి, మెత్తబడి వేళ్ళ సందుల్లోకి జారబోయింది. పిడికిలి బిగించమంటే బిగించింది, మెరుపు పోయి ముద్ద గట్టిపడింది. మళ్ళీ తడితే మళ్ళీ మెరిసింది. తర్వాత కుమ్మరి మట్టి పెట్టి తట్టించారు. ఎంత తట్టినా అది ఉలకలేదు, పలకలేదు.

ఆవిడ బూడిదరంగు ముద్దను మళ్ళీ చేతిలోకి తీసుకుందట. “నేను తట్టింది చెయ్యే కదండి. భూమే తడితే?” అందట. భూమి తట్టకపోవచ్చు కూడా, అది చెప్పలేం, తడితే మాత్రం ఇదీ దీని గుణం అన్నారట ఆయన. పిల్లల పక్కబట్టలు అరుగు మీద ఆరేసి ఉన్నాయట. ఆవిడ వాటి వంక చూసి, డబ్బాలు తెచ్చి, ఆ చెడ్డ మట్టినే నింపి, దగ్గరుండి మైనం పోయించిందట. ఇంత నాసిరకం మట్టిని ఇంత జాగ్రత్తగా ఎవరూ ఎప్పుడూ సర్ది ఉండరని మేబెల్ గారు నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

లాబులోనూ అదే తేలింది. పలక మీద దారం సాగకముందే తునకలైంది. నేలలో ఉన్న తడి, జారిపోవడానికి కావలసిన తడి, రెండూ ఇంచుమించు ఒక్కటే. కాని దారం తెగిందని చెబితే వినే కమిటీ ఏ ఊళ్ళో ఉంది? అందుకని బొల్లారంలో కమిటీ కూర్చున్న సాయంత్రం ఎలీసబెతు గారే వచ్చింది. ఒళ్ళో డబ్బా. టీ కప్పులు పక్కన పెట్టండి అని, పెద్దలందరి అరచేతుల్లో తలో ముద్దా పెట్టింది. ప్రసాదం పంచినంత భక్తిగా పంచిందట. పాస్టరు గారి చేతిలో మట్టి మెరిసింది. ఆయన దాన్ని చూసి, ఇది ఇసుకకు దగ్గర చుట్టమే అని ఒప్పుకుని చేతులు కడుక్కోవడానికి లేచారు. జకర్యా గారు మాత్రం చెయ్యి చాపలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు. కఫ్‌లింకులు పాడవుతాయని అనుకున్నారేమో.

“మీరు మేడ కట్టుకోండయ్యా,” అంది ఎలీసబెతు గారు. “నా పిల్లలు పాకలోనే పడుకుంటారు.”

పిల్లలు లేని హాస్టలుకు శంకుస్థాపన చేయడం ఎంత జకర్యా గారికైనా కష్టం. కాలవ అవతల మెరక మీద గట్టి నేల చూసి, నోవహు గారి చేత అక్కడా బోరు వేయించి, ఒకే అంతస్తుతో పొడుగ్గా హాస్టలు కట్టారు. స్థలం ఎందుకు మార్చారో తీర్మానంలో జకర్యా గారు రాయించారు: గాలి బాగా వీస్తుందని. మట్టి అన్న మాట అందులో ఎక్కడా లేదు. నోవహు గారిని ఎవరూ మెచ్చుకోలేదు, ఆయన అడగనూ లేదు. పాత స్థలంలో పిల్లలు వాలీబాల్ ఆడుకుంటారు.

ఇక్కడే ఆయన బతుకులోని చిక్కంతా ఉంది. వైద్యుడి మాట నిజమైతే రోగి లేచి తిరుగుతాడు. నోవహు గారి మాట నిజమని రుజువు కావాలంటే ఊళ్ళు కూలాలి. ఆ లంకలో భూకంపం రాలేదు. ప్రతి ఏడూ రిపబ్లిక్ డే నాడు చర్చి ఆవరణలో జెండా ఎగరేశాక జకర్యా గారు నోవహు గారి భుజం మీద చెయ్యి వేసి, నీ భూకంపం ఇంకా రాలేదేం బావా అని అడిగేవారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవారు. “రాకూడదనే కదా బావగారూ నా ప్రార్థన,” అనేవారు నోవహు గారు, ఆయనా నవ్వుతూనే. అది ఆయన హాస్యం అనుకునేవాళ్ళు. నేనూ కొన్నాళ్ళు అలాగే అనుకున్నాను. కాదు, నిజంగానే ప్రార్థన చేసేవారట. నా మాట ఎన్నటికీ నిజం కానీయకు తండ్రీ అని. మేబెల్ గారు చెప్పింది.

రాష్ట్రం రెండవుతుందా కాదా అని బంద్‌ల మీద బంద్‌లు జరుగుతున్న రోజుల్లో ఆయన పోయారు. మధ్యాహ్నం భోజనం చేసి కుర్చీలో కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు. బొల్లారం సమాధుల తోటలో గొయ్యి తవ్వడానికి వెళ్ళినవాళ్ళకు మూరెడు లోతులోనే బండ తగిలింది. పక్కకు జరిగి తవ్వితే అక్కడా బండే. ఆయనకు ఉన్నన్నాళ్ళూ పరీక్షకు మెత్తటి నేలే దొరికింది, ఇప్పుడు చూడబోతే గడ్డపారలు వంగిపోతున్నాయి. సమాధి కార్యక్రమం ఆలస్యమైంది. అందరం ఎండలో నిలబడ్డాం. పర్వతాలు చెమట తుడుచుకుంటూ నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

“సారుకు గిక్కడ ఏం ఫికర్ లేదమ్మా,” అన్నాడు. “కిందంత బండనే.”

పెట్టె దించాక అందరూ వరసగా తలో పిడికెడు మన్ను వేస్తున్నారు. రాళ్ళు కలిసిన ఎర్రమన్ను, పెట్టె మీద టకటకమని పడుతోంది. ఊరి నుంచి రాత్రి రైలుకు వచ్చిన ఎలీసబెతు గారు తన వంతు రాగానే సంచీలోంచి ఒక డబ్బా తీసింది. మూత చుట్టూ మైనం. గోటితో మైనం పెళ్ళగించి మూత తీసింది. లోపల బూడిదరంగు బురద. ఊరి నుంచి పట్నానికి ఆవిడ మేలురకం కానిది తేవడం అది రెండోసారి, సిగ్గుపడకుండా అందరి ముందూ తెరవడం నేను కళ్ళారా చూడటం మాత్రం మొదటిసారి. కొంచెం అరచేతిలో వేసుకుని, ఆయన నేర్పినట్టే కింద నుంచి తట్టింది. ఎండలో అది తళుక్కుమంది.

“పిల్లలు దీని మీద లేరండి,” అని గోతిలోకి చూస్తూ ఆయనకే చెప్పింది. చెప్పి వేసింది.

వరసలో ఆవిడ వెనక జకర్యా గారు ఉన్నారు. చేతికర్ర పట్టుకుని, తెల్ల చొక్కా, కఫ్‌లింకులు. కిందికి వంగి ఎర్రమన్ను తీసుకోలేదు. కర్ర చంకన పెట్టుకుని చెయ్యి చాపారు.

“నాకూ కొంచెం పెట్టమ్మా,” అన్నారు.

ఆవిడ పెట్టింది. బురద కఫ్ మీదికి కారింది. ఆయన దాన్ని వెంటనే గోతిలో వేయలేదు. రెండో చేత్తో కింద నుంచి ఒకసారి తట్టి చూశారు.